రెటీనా కింద నీరు, వెనక కోరాయిడ్ రక్తప్రవాహం: ఓసీటీలో ఏం చూడాలి, స్టెరాయిడ్ ఎవరికి వద్దు?

పాలకొల్లు_ఆప్టోమ్

నమస్తే అండి. ఒక పేషెంటు ఓసీటీ (కంటి వెనక పొరలని కోసి చూపే స్కాన్) విషయంలో సందేహాలున్నాయి. రెటీనా చూసే డాక్టర్లు, స్కాన్లు తీసేవాళ్లు ఎవరైనా చెబితే మేలు.

మగ, 41 ఏళ్లు, నర్సాపురం దగ్గర రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలా. మూడు వారాలుగా కుడి కంటి చూపు మధ్యలో గుండ్రంగా బూడిద రంగు మసక. ఆ కంటితో చూస్తే కరెంటు స్తంభం నడిమిలో వంగినట్టు ఉంటోంది, మనుషులు కాస్త చిన్నగా కనిపిస్తున్నారు. చూపు 6/12, +0.75 అద్దం పెడితే 6/9 వస్తోంది. రెండో కన్ను 6/6. నొప్పి, ఎరుపు లేవు. షుగరు లేదు. బీపీ 138/88.

ఓసీటీలో ఫోవియా (రెటీనాలో సూటి చూపుకి ఆధారమైన నడిమి చోటు) కింద నీరు, ఎత్తు 280 మైక్రాన్లు. రెటీనా వెనకున్న రక్తనాళాల పొర, అదే కోరాయిడ్, దాని మందం ఉదయం 10 గంటలకి 455. స్కాన్ మధ్యలో కన్ను కదిలిందనిపించి అదే రోజు సాయంత్రం 5కి మళ్లీ తీస్తే 428. బాగున్న కంట్లోనూ 410 ఉంది. ఓసీటీ యాంజియోలో (రక్తం కదలికని చూపే స్కాన్) కోరియోకాపిల్లరిస్, అంటే కోరాయిడ్‌లోని అతి సన్నని నాళాల పొర తెరిస్తే సరిగ్గా నీరున్న చోటే నల్లటి పాచ్.

పొద్దున్నుంచి సాయంత్రానికి 27 మైక్రాన్లు తగ్గింది కదా, రిపోర్టులో మెరుగు అని రాయొచ్చా? నల్ల పాచ్ అంటే అక్కడ రక్తం ఆగిపోయినట్టేనా? ఇక అసలు తొందర దీనికండి: వాళ్ల వీధిలో ఒకావిడకి కూడా "రెటీనా కింద నీరు" వస్తే స్టెరాయిడ్ డ్రిప్పులు పెట్టి బాగుచేశారట. ఇంట్లోవాళ్లు ఇతనికీ అవే పెట్టించాలని ఊళ్లో ఆర్‌ఎంపీని అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?

---

రెటీనా_కాకినాడ

చివరి ప్రశ్నకి ముందు జవాబు. ఆ డ్రిప్పులు పెట్టించొద్దని ఇవాళే ఫోన్ చేసి చెప్పండి. మీరు రాసిన వివరాలన్నీ సెంట్రల్ సీరస్ కోరియోరెటినోపతి వైపే చూపిస్తున్నాయి. మేం సీఎస్‌సీ అంటాం. దీనికి స్టెరాయిడ్ మందు కాదు, కొందరిలో అదే కారణం. వీధిలో ఆవిడకి వచ్చింది వేరే జబ్బు అయి ఉంటుంది, బహుశా వీకేహెచ్ (వోగ్ట్-కొయనాగి-హరాడా). రెండింట్లోనూ రెటీనా కింద నీరే, రెండింట్లోనూ కోరాయిడ్ మందమే. లోపల రక్తం నడిచే తీరు మాత్రం పూర్తిగా తిరగబడి ఉంటుంది.

మూలం దగ్గర్నుంచి చెబుతాను. రెటీనాకి రెండు వైపుల నుంచి రక్తం అందుతుంది. లోపలి పొరలకి అందించేవి ఫండస్ ఫోటోలో మనం చూసే ఎర్రటి నాళాలు. వెలుగుని పట్టే రాడ్, కోన్ కణాలకి మాత్రం వెనకున్న కోరాయిడే దిక్కు. ఫోవియా నడిమిన అర మిల్లీమీటరు మేర రెటీనా నాళాలే ఉండవు, అక్కడ కోరాయిడ్ ఒక్కటే ఆధారం. కంటికి వచ్చే రక్తంలో 80 శాతానికి పైగా కోరాయిడ్‌కే పోతుంది. అంత ప్రవాహం వల్ల సిరలోకి చేరే రక్తంలో ఆక్సిజన్ పెద్దగా తగ్గదు, తేడా 3, 4 శాతమే. రెటీనా నాళాల్లో అదే తేడా 35 శాతం దాటుతుంది.

డెల్టా వాళ్లకి దీని కట్టుబడి చెప్పడం తేలిక. ధవళేశ్వరం దగ్గర తలుపులెత్తితే ప్రధాన కాలువ, దాన్నుంచి బ్రాంచి కాలువలు, చివర చేలోకి బోదెలు. చేలో మిగిలిన నీరు డ్రెయిన్లలోంచి సముద్రానికి. కోరాయిడ్‌లోనూ బయటి వైపు హాలర్ పొరలో పెద్ద నాళాలు, దాని మీద సాట్లర్ పొరలో మధ్యరకం నాళాలు, రెటీనాకీ కోరాయిడ్‌కీ మధ్యనుండే బ్రూక్ పొరకి ఆనుకుని చేను పరిచినట్టు కోరియోకాపిల్లరిస్. బయటికి పోయే దారి వోర్టెక్స్ సిరలు, కంటికి నాలుగైదు ఉంటాయి. భీమవరం వైపు చేలు ముంపులో ఉంటే పైనుంచి నీళ్లు ఎక్కువ వదిలారని మాత్రమే అనుకోం, యనమదుర్రు డ్రెయిను ముందుకు లాగుతోందా అని కూడా చూస్తాం. సీఎస్‌సీలో ఇప్పుడు ఎక్కువగా అనుమానిస్తున్నది ఈ డ్రెయిను వైపునే. వోర్టెక్స్ సిరల్లో రక్తం వెనక్కి తన్ని, హాలర్ పొరలో సిరలు ఉబ్బి, వాటి పైనున్న సన్నని పొర నలిగి, ఒత్తిడికి కోరియోకాపిల్లరిస్ నుంచి ద్రవం ఊరుతుంది. దాన్ని వెనక్కి తోడాల్సింది ఆర్‌పీఈ, అంటే రెటీనా వెనకుండే రంగు కణాల పొర. ఆ పొర ఒకచోట చిల్లిపడితే నీరు రెటీనా కిందకి చేరుతుంది. మీ పేషెంటుకి బాగున్న కంట్లో కూడా 410 ఉండటం ఇందుకే. లోపం రెండు కళ్లలోనూ ఉంది, తెగింది ఒకచోట.

+0.75తో చూపు మెరుగుపడటానికి కారణం, నీటి మీద రెటీనా ముందుకు లేచి కన్ను పొట్టిగా అయినట్టవడం. ఇది మంచి ఆనవాలు. కొత్తగా ప్లస్ పవర్ వచ్చిన 30-50 ఏళ్ల మగవాడికి అద్దాలు రాసి పంపేయకుండా మాక్యులా (రెటీనా నడిభాగం) చూడాలి. మీరు చూశారు.

ఇక వీకేహెచ్. అందులో కోరాయిడ్‌కి వాపు జబ్బు. రోగనిరోధక కణాలు మెలనిన్ ఉన్న కణాల మీద పడతాయి. కోరాయిడ్ 500 మైక్రాన్లు దాటడం మామూలే. మందం సీఎస్‌సీలా నాళాలు ఉబ్బి వచ్చింది కాదు. వాపు కణాలు నిండిపోయి నాళాల మధ్య గీతలే కనపడవు, రక్తం నడక మందగిస్తుంది. లేజర్ స్పెకిల్ ఫ్లోగ్రఫీ అని కోరాయిడ్‌లో ఎర్రకణాల కదలికని కొలిచే పద్ధతి జపాన్‌లో బాగా వాడుకలో ఉంది. దాంతో చూసినప్పుడు వీకేహెచ్‌లో స్టెరాయిడ్ మొదలుపెట్టాక ప్రవాహం పెరిగింది. తీవ్రమైన సీఎస్‌సీలో దీనికి ఎదురు: జబ్బు తగ్గుతున్న కొద్దీ మాక్యులా కింద ప్రవాహం తగ్గింది. నీటి ఫోటో ఒకేలా ఉంది కదా అని ఒకరి మందు ఇంకొకరికి పెట్టకూడదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

వీకేహెచ్‌ని పట్టే ప్రశ్నలు మీ గదిలోనే అడగొచ్చు. రెండు కళ్లకీ ఒకేసారి వచ్చిందా? వారం పది రోజుల ముందు తలనొప్పి, మెడ బిగుతు ఉన్నాయా? చెవుల్లో హోరు? తల దువ్వుకుంటే చర్మం నొప్పి? తర్వాత్తర్వాత తెల్ల మచ్చలు, కనురెప్పల వెంట్రుకలు తెల్లబడటం. స్లిట్ ల్యాంపులో కంట్లో వాపు కణాలు. ఓసీటీలో నీరు ఒకే గుమ్మటంలా కాకుండా అడ్డగోడలతో గదులు గదులుగా, ఆర్‌పీఈ అలలు అలలుగా. ఇవి ఉంటే ఆలస్యం కూడదు. మిథైల్‌ప్రెడ్నిసొలోన్ రోజుకి 1 గ్రాము చొప్పున మూడు రోజులు సిరలోకి, ఆపైన కిలోకి 1 మి.గ్రా. లెక్కన మాత్రలు, కనీసం ఆరు నెలలు మెల్లగా తగ్గిస్తూ. తొందరపడి ఆపేస్తే జబ్బు తిరగబెట్టి దీర్ఘకాలికంగా మారుతుంది. మొదలుపెట్టేముందు టీబీ లేదని చూసుకోవాలి. ఇది ఆర్‌ఎంపీ చేతి మీద జరిగే పని కాదండి.

---

స్కాన్‌గది_రాజమండ్రి

డాక్టరుగారు జబ్బు చెప్పారు కాబట్టి కొలత సంగతి నేను రాస్తాను.

27 మైక్రాన్లకి మెరుగు అని రాయకండి. కోరాయిడ్ మందం రోజులో తనంతట తానే మారుతుంది. ఉదయం ఎక్కువ, సాయంత్రానికి తక్కువ, తేడా మామూలు మనుషుల్లోనే 20-30 మైక్రాన్ల దాకా ఉంటుంది. మీకు వచ్చింది అదే. కాఫీ తాగితే కొన్ని గంటలు పల్చబడుతుంది, సిల్డెనాఫిల్ వేసుకుంటే మందమవుతుంది. ఇతనికి రాత్రి కాపలా కాబట్టి "ఉదయం 10" అంటే అతని ఒంటికి ఏ వేళో కూడా ఆలోచించాలి. రాత్రంతా మెలకువగా ఉండి వచ్చాడా, పడుకుని లేచి వచ్చాడా అని స్కాన్ మీద రాసి పెట్టుకోండి. ప్రతిసారీ అదే వేళకి, అదే మిషన్ మీద తీయండి. ఒక కంపెనీ మిషన్ మీద తీసిన కొలతని ఇంకో కంపెనీ కొలతతో పోల్చొద్దు.

మామూలు అంటే ఎంత? పెద్దవాళ్లలో ఫోవియా కింద సగటు 287 మైక్రాన్లు అని 2009లో స్పెయిడ్ బృందం ప్రచురించిన కొలత. పదేళ్లకి సుమారు 15 చొప్పున తగ్గుతుంది. మైనస్ పవర్ పెరిగే కొద్దీ కూడా పల్చబడుతుంది. అందుకని −6 ఉన్నవాడికి 300 వస్తే అది వాడి కంటికి మందమే. 70 ఏళ్ల ముసలాయనకి 180 వస్తే గాభరా అక్కర్లేదు. ఇంతకుమించితే జబ్బు అనే ఒక్క అంకె పట్టుకుంటే తప్పుతాం. సీఎస్‌సీ కళ్లలో 2009లోనే సగటు 505 అని చూశారు గానీ, 380 దగ్గర నీరు పట్టిన కళ్లు కూడా ఉంటాయి.

కొలిచే పద్ధతి. మిషన్‌లో ఈడీఐ ఆన్ చేయండి. మామూలు స్కాన్‌లో సిగ్నల్ బలం రెటీనా దగ్గర ఎక్కువ, లోతుకి పోయేకొద్దీ పడిపోతుంది. ఈడీఐ ఆ బలమైన చోటుని కోరాయిడ్ వైపుకి జరుపుతుంది. స్పెయిడ్ ఈ పద్ధతి 2008లో చూపించాడు. ఫోవియా మీదుగా అడ్డంగా ఒకే గీత స్కాన్, ఫ్రేముల సగటు 100కి పెట్టండి. పేషెంటు అంతసేపు నిలపలేకపోతే 50 చాలు. ఫ్రేములు తక్కువైతే స్క్లీరా అంచు మంచులో ఉన్నట్టుంటుంది, అక్కడే కొలత 40-50 మైక్రాన్లు తప్పుతుంది.

కాలిపర్ పైకొన ఆర్‌పీఈ తెల్లగీత బయటి అంచు మీద, కిందికొన స్క్లీరా లోపలి అంచు మీద. నీరున్న కంట్లో కొత్తవాళ్లు పైకి లేచిన రెటీనా గీత నుంచి కొలిచేస్తుంటారు. అప్పుడు నీటి ఎత్తు కూడా కోరాయిడ్‌లో కలిసిపోతుంది. స్క్రీను మీద బొమ్మని 1:1 మైక్రాన్‌కి మార్చాకే గీయండి. 1:1 పిక్సెల్‌లో నిలువు సాగి ఉంటుంది, గీత ఏమాత్రం వాలినా అంకె మారిపోతుంది. స్కాన్ మొత్తం ఒక పక్కకి వాలి ఉంటే కొలవడం మానేసి, చిన్‌రెస్ట్ సర్ది మళ్లీ తీయండి. ఫోవియా కింద ఒకటి, అటూ ఇటూ 1 మి.మీ. దూరంలో ఒక్కొక్కటి. ఉబ్బిన సిర సరిగ్గా ఫోవియా కింద లేకుండా పక్కన ఉండొచ్చు కదా.

మందం కంటే ఉపయోగపడేది ఇంకోటుంది: కోరాయిడ్‌లో రక్తం ఉన్న నల్లటి భాగం ఎంత, మధ్య కండ భాగం ఎంత అనే వాటా. సీవీఐ అంటారు. బాగున్న కళ్లలో 65 శాతం దగ్గర ఉంటుంది. సీఎస్‌సీలో నాళాల వాటా పెరుగుతుంది. మందం ఒక్కటే చూస్తే నాళం ఉబ్బిందో, కండ వాచిందో తెలియదు.

ఇక మీ నల్ల పాచ్. నీరున్న చోటే, నీటి ఆకారంలోనే నల్లగా ఉందంటే ముందు నీడని అనుమానించండి. ఓసీటీ యాంజియో ఒకే చోటుని కొన్ని మిల్లీసెకన్ల తేడాతో మళ్లీ మళ్లీ స్కాన్ చేసి, మధ్యలో మారిన చుక్కలని "ప్రవాహం" అంటుంది. పైన నీరో, పీఈడీనో (ఆర్‌పీఈ లేచిన ఉబ్బు), డ్రూసెనో (ఆర్‌పీఈ కింద పేరుకునే పసుపు చుక్కలు), రక్తమో ఉండి వెలుతురు తగ్గిపోతే కింద రక్తం పారుతున్నా నల్లగానే చూపిస్తుంది. చూసుకునే మార్గం: యాంజియో స్లాబ్ (ఒక లోతు పొర బొమ్మ) పక్కన అదే లోతు స్ట్రక్చర్ స్లాబ్ తెరవండి. అక్కడ కూడా అదే చోట నల్లగా ఉంటే నీడ. స్ట్రక్చర్‌లో తెల్లగా ఉండి యాంజియోలో మాత్రమే నల్లగా ఉంటే అక్కడ ప్రవాహం తగ్గింది. తగ్గింది అన్నాను, ఆగిందనలేదు. మిషన్ పట్టలేనంత మెల్లగా నడిచే రక్తం కూడా నల్లగానే వస్తుంది.

రెండో తప్పు స్లాబ్ గీతలు. నీరున్న కంట్లో మిషన్ తనంతట తాను వేసే గీత ఆర్‌పీఈ వదిలేసి పైకి ఎక్కేస్తుంది. బీ-స్కాన్ (నిలువు కోత బొమ్మ) తెరిచి గీత బ్రూక్ పొరని అంటుకుని ఉందో లేదో ఒక్కొక్కటీ చూసి చేత్తో సరిచేయండి. కోరియోకాపిల్లరిస్ పొర మందం 10-20 మైక్రాన్లు, గీత అంత జరిగినా మీరు చూస్తున్నది సాట్లర్ పొర అవుతుంది. దీనికి 3×3 మి.మీ. స్కాన్ వాడండి, 6×6లో చుక్కల దూరం పెరిగి సన్నని జల్లెడ కనపడదు. సిగ్నల్ 10కి 7 లోపుంటే ఆ స్కాన్ లెక్కలోకి తీసుకోకండి. కళ్లు ఆరిపోయి ఉంటే కన్నీటి చుక్కలు వేసి మళ్లీ తీస్తే చాలాసార్లు పెరుగుతుంది.

ఒక్క విషయం మాత్రం ఓసీటీ యాంజియో ఎప్పటికీ చెప్పదు, అది లీకేజీ. ఎక్కడ ఊరుతోందో చూడాలంటే రంగు మందు ఎక్కించాల్సిందే.

---

పాలకొల్లు_ఆప్టోమ్

ఇద్దరికీ ధన్యవాదాలండి. స్ట్రక్చర్ స్లాబ్ చూశాను, అక్కడా నల్లగానే ఉంది, అంటే నీడే. వాళ్లింటికి ఫోన్ చేశాను, డ్రిప్పు ఆగింది. రంగు మందు పరీక్షకి పంపాలా? ఇతనికి రొయ్యలు తింటే ఒళ్లంతా దద్దుర్లట. ఆ రంగు మందుల్లో ఒకటైన ఐసీజీలో అయోడిన్ ఉంటుంది కాబట్టి కుదరదని ఎవరో చెప్పారట.

---

స్కాన్‌గది_రాజమండ్రి

రొయ్యల దద్దుర్లకి కారణం వాటి కండలో ఉండే ట్రోపోమయోసిన్ అనే ప్రొటీను, అయోడిన్ కాదు. రొయ్యలు పడకపోవడం ఒక్కటే ఐసీజీకి అడ్డు కాదు. ఐసీజీ పొడిలో సోడియం అయోడైడ్ ఉన్న మాట నిజమే. కాబట్టి అడగాల్సింది వేరు: గతంలో సీటీ స్కాన్‌కో, గుండె యాంజియోకో ఎక్కించిన మందు పడలేదా? ఐసీజీకే ముందెప్పుడైనా దద్దుర్లు, ఊపిరాడకపోవడం జరిగిందా? అలా ఉంటే ఆపాలి. దద్దుర్ల సంగతి ఎలాగూ డాక్టరుకి చెప్పాలి. చేసేచోట అడ్రినలిన్, ఆక్సిజన్ అందుబాటులో ఉండి తీరాలి.

రెండు రంగులకీ పని వేరు. ఫ్లోరెసిన్, 20 శాతం 3 మి.లీ., రెటీనా నాళాలకీ, ఆర్‌పీఈలో చిల్లి ఎక్కడుందో చూడటానికీ. అది కోరియోకాపిల్లరిస్ గోడల్లోంచి ఇట్టే బయటికి వచ్చేస్తుంది, అందువల్ల వెనకున్న కోరాయిడ్ అంతా మెరిసి వివరం పోతుంది. ఐసీజీ 98 శాతం రక్తంలోని ప్రొటీన్లకి అంటుకునే ఉంటుంది, నాళంలోనే నిలుస్తుంది, ఇన్‌ఫ్రారెడ్‌లో మెరుస్తుంది కాబట్టి ఆర్‌పీఈ రంగు అడ్డురాదు. 25 మి.గ్రా. వయల్‌ని దానితో వచ్చిన స్టెరైల్ నీటిలోనే కలపాలి. సెలైన్‌లో కలిపితే ముద్దకడుతుంది. కలిపాక ఆరు గంటల్లో వాడేయాలి.

కోరాయిడ్ సిరల ఊట బాగా కనిపించేది 10-15 నిమిషాల మధ్య. రద్దీ ఎక్కువైన రోజు ఐదు నిమిషాల ఫోటోతో లేపేస్తే ఆ భాగమే పోతుంది. వీకేహెచ్ నల్లచుక్కలూ ఈ మధ్య, చివరి ఫోటోల్లోనే తేలతాయి. ఫ్లోరెసిన్ ఎక్కించాక చర్మం కొన్ని గంటలు పసుపుగా ఉంటుందనీ, మూత్రం మర్నాటిదాకా ముదురు పసుపు రంగులో వస్తుందనీ ముందే చెప్పండి. చెప్పకపోతే పచ్చకామెర్లని భయపడి పసరు మందుకి పోతారు. సూది సిర దాటి బయటికి వెళితే భగ్గుమని మండుతుంది. రంగు పట్టేముందు కాస్త సెలైన్ పోసి సూది సరిగ్గా ఉందో చూసుకోవాలి.

---

మందులషాపు_అమలాపురం

స్టెరాయిడ్ వాడావా అని అడిగితే లేదనే చెబుతారండి. ఆ పేరుతో వాళ్లకి తెలియదు కదా. మన ప్రాంతంలో ఎలా అడగాలో చెబుతాను.

మోకాళ్లలో, భుజంలో సూది వేయించుకున్నారా? అది చాలాసార్లు ట్రయామ్సినొలోన్. నీళ్లలో నిలబడే పని, తొడల మధ్య తామరకి ట్యూబు రాస్తున్నారా? ఫంగస్ మందులో క్లోబెటసోల్ గానీ బీటామెథసోన్ గానీ కలిపిన ట్యూబులే ఎక్కువగా అమ్ముడుపోతాయి. ముఖం తెల్లబడే క్రీము? ఉబ్బసానికి పీల్చే మందు, ముక్కులో కొట్టే స్ప్రే? ఒళ్లు చేయడానికి మాత్రలు? వాటిలో సైప్రోహెప్టడిన్‌తో పాటు డెక్సామెథసోన్ మాత్ర పెట్టి పొట్లం కడతారు. కీళ్లనొప్పులకి పేరు లేని చూర్ణం వాడుతుంటే, తిన్న రెండో రోజుకే నొప్పులు ఎగిరిపోయి ఆకలి పెరిగిందంటే అందులో స్టెరాయిడ్ కలిసిందని అనుమానించాలి. బెట్నెసాల్, వైసొలోన్, డెక్సోనా లాంటి పేర్లు చదివి వినిపించకండి, ఖాళీ ట్యూబులూ స్ట్రిప్పులూ సంచిలో వేసుకుని తెమ్మనండి.

ఇంకోటి, ఇది ముఖ్యం. నెలల తరబడి మాత్ర మింగుతున్న మనిషిని ఒక్కసారిగా ఆపేయమనకండి. ఒంటి సొంత కార్టిసాల్ తయారీ పడుకుని ఉంటుంది. వాంతులు, బీపీ పడిపోవడం, స్పృహ తప్పడం దాకా వెళ్తుంది. ట్యూబు ఆపొచ్చు, మాత్రని మాత్రం ఫిజీషియన్ మెల్లగా దించాలి. ఉబ్బసం మందు కూడా ఛాతీ డాక్టరుని అడక్కుండా ఆపకూడదు.

---

పీహెచ్‌సీ_రాజోలు

ఈ దారం చదివే ఆప్టోమెట్రిస్టులకి ఒక్క మాట. గర్భిణికి చూపు మసకబారి రెండు కళ్లలోనూ రెటీనా కింద నీరు కనిపిస్తే, సీఎస్‌సీ అనుకునేలోపు బీపీ చూడండి. 140/90 దాటి, మూత్రంలో ప్రొటీను ఉంటే గుర్రపువాతం ముందు దశ కావచ్చు. అక్కడ జరిగేది కోరాయిడ్‌లోని చిన్న ధమనులు బిగుసుకుపోయి కోరియోకాపిల్లరిస్‌కి రక్తం అందకపోవడం. ఆర్‌పీఈ తోడలేక నీరు నిలుస్తుంది. కంటికి వైద్యం అక్కర్లేదు, కాన్పయ్యాక కొద్ది వారాల్లో చాలామందికి తగ్గిపోతుంది. ప్రాణాపాయం తల్లికీ బిడ్డకీ. కంటి రిపోర్టు రాస్తూ కూర్చోకుండా 108 పిలిచి ప్రసూతి వార్డున్న ఆసుపత్రికి పంపండి. గర్భం లేకపోయినా 180/120 దగ్గర బీపీతో ఇలాంటి నీరు వస్తే అదీ అత్యవసరమే.

---

పాలకొల్లు_ఆప్టోమ్

సంచి తెప్పించాను. రెండు తామర ట్యూబులు, రెండింట్లోనూ క్లోబెటసోల్. కిందటి నెలలో భుజానికి సూది కూడా పడిందట. మాత్రలు ఏమీ లేవు. ఇప్పుడు ఏంటండి వరస?

---

రెటీనా_కాకినాడ

కారణం దొరికినట్టే. ట్యూబులు ఆపించి చర్మం డాక్టరు దగ్గర స్టెరాయిడ్ లేని ఫంగస్ మందు రాయించండి. భుజం సూది వేసింది వేసిందే, దాని ప్రభావం కొన్ని వారాలుంటుంది, మళ్లీ మాత్రం వేయించుకోకూడదు. రాత్రి కాపలాకీ సీఎస్‌సీకీ సంబంధం అధ్యయనాల్లో కనిపించింది. నిద్ర చెడితే కార్టిసాల్, అడ్రినలిన్ లయ తప్పుతాయి, కోరాయిడ్ నాళాలు నరాల అదుపులో ఎక్కువగా ఉంటాయి కాబట్టి ఆ దెబ్బ వాటికి తగులుతుంది. యజమానితో మాట్లాడి పగటి పనికి మార్చుకోగలిగితే మంచిది. గట్టిగా గురక పెడతాడేమో భార్యని అడగండి, ఉంటే నిద్ర పరీక్షకి పంపండి.

మొదటిసారి వచ్చిన సీఎస్‌సీలో ఎక్కువమందికి మూడు నాలుగు నెలల్లో నీరు దానంతట అదే ఇంకిపోతుంది. కాబట్టి ఇప్పటికి సూదీ లేదు, లేజరూ లేదు. ఎప్లెరెనోన్ మాత్రలు రాసే అలవాటు ఇంకా ఉంది. 2020లో వచ్చిన విసి ట్రయల్‌లో దీర్ఘకాల సీఎస్‌సీకి అది ఉత్తుత్తి మాత్ర కంటే ఏమీ మెరుగు కాలేదు. నేనైతే రాయను. పొటాషియం పెరిగే ప్రమాదం ఊరికే ఎందుకు?

రంగు పరీక్ష ఇవాళే అక్కర్లేదు. నీరు నాలుగు నెలలు దాటినా, మళ్లీ మళ్లీ వచ్చినా, చూపు పడిపోతున్నా, మీ ఓసీటీలో ఆర్‌పీఈ బల్లపరుపుగా కొద్దిగా లేచి కింద బ్రూక్ గీత విడిగా కనిపించినా చేయించాలి. ఆ చివరిది ముఖ్యం. రెండు గీతల మధ్య ఉన్నది కొత్తగా పుట్టిన నాళాల జల్లెడ కావచ్చు. ఇక్కడ ఓసీటీ యాంజియో బాగా పనికొస్తుంది, రంగు మందులో కలిసిపోయే జల్లెడని విడిగా చూపిస్తుంది. అప్పుడు వైద్యం కంట్లో వేసే యాంటీ-వీఈజీఎఫ్ (కొత్త నాళాలని అణిచే మందు) సూదికి మారుతుంది. నాళాల జల్లెడ లేని సీఎస్‌సీకి ఆ సూది వేయడంలో అర్థం లేదు.

యాభై దాటినవాళ్లలో ఇదే బొమ్మకి నారింజ రంగు గడ్డలు, ఎత్తైన పీఈడీ, రక్తం తోడైతే పీసీవీని (కోరాయిడ్ నుంచి పుట్టిన నాళాల చివర బుడగలు వచ్చే జబ్బు) గుర్తుంచుకోండి. మన ఆసియా వాళ్లలో ఎక్కువ. దాన్ని ఖాయం చేసేది ఐసీజీ. వీళ్లకి నెల ఆగి చూద్దామనకూడదు, ఒక్క పెద్ద రక్తస్రావంతో మధ్య చూపు పోతుంది.

ఇతనికి నీరు తగ్గకపోతే చేసేది సగం డోసు పీడీటీ, అంటే వెర్టెపోర్ఫిన్ అనే మందు సిరలోకి ఎక్కించి కంట్లో లేజర్ కొట్టడం. 2018లో ప్లేస్ ట్రయల్‌లో మైక్రోపల్స్ లేజర్ కంటే దీనితోనే ఎక్కువమందికి నీరు పూర్తిగా ఇంకింది. వెర్టెపోర్ఫిన్ లెక్క ఒంటి వైశాల్యం మీద, చదరపు మీటరుకి 3 మి.గ్రా. ఎత్తు 165 సెం.మీ., బరువు 70 కిలోలైతే వైశాల్యం 1.79, మందు 5.4 మి.గ్రా. 15 మి.గ్రా. వయల్‌లో 7 మి.లీ. స్టెరైల్ నీరు పోస్తే 2 మి.గ్రా./మి.లీ. ద్రావణం, అందులోంచి 2.7 మి.లీ. తీసి 5 శాతం డెక్స్‌ట్రోజ్‌తో 30 మి.లీ. చేయాలి. సెలైన్‌లో కలిపితే ఇదీ పాడవుతుంది. పది నిమిషాల్లో ఎక్కించి, మొదలుపెట్టిన దగ్గర్నుంచి 15వ నిమిషానికి 689 నానోమీటర్ల లేజర్ 83 సెకన్లు. ఎక్కడ కొట్టాలన్నది ఐసీజీలో ఊట మెరిసిన చోటుని బట్టి. లేజర్ పని కోరాయిడ్ నాళాలని కొంత బిగించి ఊట తగ్గించడం, తర్వాతి స్కాన్‌లో మందం తగ్గి కనిపించేది అందుకే. పూర్తి డోసు వేస్తే కోరియోకాపిల్లరిస్ మరీ మూసుకుపోయి ఆర్‌పీఈ ఎండిపోయే ప్రమాదం ఉంది, సగం డోసు పుట్టింది దాన్ని తప్పించడానికే. కాలేయం బాగా చెడినవాళ్లకీ, పోర్ఫిరియా ఉన్నవాళ్లకీ ఇవ్వకూడదు. ఈ మందుకి 2020 తర్వాత ప్రపంచమంతటా కొరత వచ్చింది. అవసరం పడేలా ఉంటే ముందే ఆసుపత్రికి ఫోన్ చేసి దొరుకుతుందో కనుక్కోండి. చేయించుకున్నాక కనీసం 48 గంటలు ఎండ సోకకూడదు. కంపెనీ కరపత్రం పూర్తి డోసుకి 5 రోజులు అంటుంది. చెరువు గట్టు మీదికి పోకూడదు, ఇంట్లో మామూలు వెలుతురులో ఉండొచ్చు, చీకటి గదిలో కూర్చోనక్కర్లేదు.

అప్పటిదాకా మీ పని. ఆమ్స్లర్ గళ్ల కాగితం ఇవ్వండి, దగ్గరి అద్దాలుంటే పెట్టుకుని, 30 సెం.మీ. దూరంలో, ఒక్కో కన్ను మూసి, మధ్య చుక్కని చూస్తూ వంకర ఎంతమేర ఉందో పెన్సిలుతో గీయమనండి. వారానికి ఒక కాగితం, తేదీ వేసి దాచమనండి. ఆరు వారాలకి ఓసీటీ, మళ్లీ మూడో నెల చివర, ఉదయం 10కే, ఫాలోఅప్ మోడ్‌లో మొదటి స్కాన్ చోటే, రెండు కళ్లకీ. రాసుకోవాల్సినవి నీటి ఎత్తు, కోరాయిడ్ మందం, ప్లస్ పవర్ ఎంత తగ్గింది. వంకర ఒక్కసారిగా పెరిగినా, నల్లగా మచ్చ పడినా, రెండో కన్ను మసకబారినా ఆరు వారాలు ఆగకుండా ఆ రోజే పంపండి. వచ్చేటప్పుడు ఈ మొదటి స్కాన్లు ప్రింటు కాకుండా పెన్‌డ్రైవ్‌లో ఇచ్చి పంపితే, మందం మేమూ అదే ఫైలు మీద కొలుచుకుంటాం.